మామిడి తోటలో నీలకంఠ రొయ్య

పోలి పాడ్యమి వెళ్ళిన వారంలో ఆగిరిపల్లి వెళ్ళాను. కార్తీకమంతా నేను వెళ్ళిన ఇంట్లో నీచు వండరు కాబట్టి కుంటలో రొయ్యల జోలికి ఎవరూ పోలేదు. ఇక ఆగడానికి వీల్లేదు. మామిడి కొమ్మల చివర్లు అప్పుడే ఉబ్బుతున్నాయి. పూత వస్తే వెనకే తేనెమంచు పురుగు వస్తుంది, దానికి మందు కొట్టాలి, మందు కొడితే రొయ్య బతకదు.

ఆగిరిపల్లి అంటే శోభనాచలం కొండ మీది నరసింహస్వామి, కొండ దాటితే నూజివీడు దాకా మామిడి తోటలు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో కలిసింది. రొయ్య అనగానే మనకు కైకలూరు, భీమవరం చెరువులు గుర్తొస్తాయి గానీ ఈ మెరక నేల గుర్తు రాదు. నేను వెళ్ళిన ఇంటాయన అరవై దాటిన మామిడి రైతు. చిన్నరసాలు, బంగినపల్లి, గట్టు వెంట కలెక్టరు చెట్లు. అమ్మకానికి కాదు, ఇంటి మందానికీ చుట్టాలకూ రొయ్యలు పెంచుతున్నాడు.

తోట మూల పది సెంట్ల నీటికుంట. వానలకు నిండుతుంది, చాలకపోతే బోరు ఉంది. ఫిబ్రవరి నుంచి పిందెకూ కాయకూ డ్రిప్పులో వదిలేది ఈ నీళ్ళే. జూన్‌లో కోతలు అయిపోయి వానలు పడ్డాక చెట్టుకు వీటితో పని లేదు. పైగా అక్టోబరు నుంచి మామిడిని ఎండగట్టాలి. ఆ ఎద్దడి తగిలితేనే చెట్టు చిగుళ్ళు మాని పూతకు తిరుగుతుంది. అలా జులై నుంచి డిసెంబరు దాకా కుంటలో నీళ్ళు పనిలేకుండా ఉంటాయి. నీలకంఠ రొయ్య పిల్ల ఐదారు నెలల్లో యాభై గ్రాములకు అటూ ఇటూగా ఎదుగుతుంది. మామిడి వదిలిన నెలలే రొయ్యకు కావలసిన నెలలు! ఈ ప్రాంతంలో తోటకో కుంట ఉన్న రైతులు ఇందరుండగా ఈ పెంపకం ఇంకా ఎందుకు పాకలేదో నాకు అర్థం కాలేదు.

పొద్దు వాలాక పట్టడం మొదలైంది. రొయ్య పగలు అడుగున నక్కి ఉంటుంది, చీకటి పడితేనే మేతకు కదులుతుంది. తవుడూ వేరుశనగ చెక్కా కలిపిన ముద్దను వెదురు మావులో పెట్టి గట్టు వార దించారు. లోపలికి దూరడం సులువు, బయటికి దారి దొరకదు. విసురు వల ఎందుకు వాడరని అడిగాను. “అడుగున పట్టా ఉంది బాబూ, వల గుళ్ళకు చిరుగుద్ది” అన్నాడాయన. టార్చి వేస్తే నీళ్ళలో కళ్ళు ఎర్రటి నిప్పుకణికల్లా మెరిశాయి.

మావు ఎత్తగానే ముందు కనబడ్డది పెద్ద మగరొయ్య. ఒంటిని మించిన పొడుగున్న నీలి పట్టుకాళ్ళు. ఈ జాతి మగవాటిలో మూడు అంతస్తులుంటాయి: నీలికాళ్ళ పెద్దది, నారింజకాళ్ళ నడిమిది, చిన్నది. నీలికాళ్ళది చోటంతా తనదంటుంది. అది ఉన్నంతకాలం చిన్నవి సరిగా ఎదగవు. దాన్ని తీసేస్తే నారింజకాళ్ళవి పుంజుకుంటాయి. అందుకే ఆశ్వయుజంలోనే పెద్దవాటిని ఏరి తినేస్తామని ఆ ఇంటి పిన్నిగారు చెప్పింది. ఇంటి అవసరానికి అప్పుడప్పుడు పట్టుకోవడం ఈ రొయ్యకు మేలే చేస్తుంది. ఒక్కసారే కుంట ఎండగట్టి పట్టేవాళ్ళకు ఈ లాభం లేదు.

చదరపు మీటరుకు రెండు చొప్పున ఎనిమిది వందల పిల్ల వేశారట. అంతకు మించితే ఒకదాన్నొకటి తింటాయి. రొయ్య పెరగాలంటే పెంకు విడవాలి, విడిచిన కొన్ని గంటలు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, తోటి రొయ్యలకు అదే అదను. దాక్కోవడానికి పాత పెంకులు, తాటాకులు, విరిగిన పైపు ముక్కలు వేశారు. మామిడాకు మాత్రం పడనివ్వరు. అది కుళ్ళితే నీళ్ళలో ప్రాణవాయువు తరిగి, తెల్లవారేసరికి రొయ్యలు గట్టుకు చేరతాయి. తోడుగా బొచ్చె, శీలావతి కొద్దిగా వదిలారు. అడుగున మేసే ఎర్రమోసు, బంగారుతీగ రొయ్య మేతకు పోటీ కాబట్టి వాటిని దూరం పెట్టారు.

ఆయన అన్నిటికన్నా భయపడేది మందుకే. రొయ్యా మామిడి పురుగూ రెండూ కీళ్ళకాళ్ళ జాతే. పురుగును చంపే పైరిథ్రాయిడ్ మందు నీళ్ళలో రవ్వంత పడినా రొయ్యకు చావే. పక్కతోట నుంచి గాలికి కొట్టుకొచ్చిన తుంపర చాలు. స్ప్రేయరు డబ్బా కుంటలో కడగకూడదని ఇంట్లో అందరికీ కట్టడి. తొలకరి నీళ్ళు కూడా కుంటలోకి రానివ్వకుండా పక్క కాలవకు మళ్ళిస్తారు, ఆకుల మీది మందు కడిగి తెచ్చేవి ఆ నీళ్ళే కాబట్టి.

పట్టిన ఆడరొయ్యల్లో కొన్నింటి కడుపు కింద నారింజ రంగు గుడ్లున్నాయి. దాదాపు ఇరవై రోజులకు బూడిదరంగు తిరిగి పగులుతాయి. కానీ ఈ కుంటలో ఆ పిల్ల బతకదు. దానికి ఉప్పు కలిసిన నీళ్ళు కావాలి, అందులో పదకొండు దశలు దాటాలి. ఈ గుట్టు పెనాంగ్‌లో షావో-వెన్ లింగ్ అనే శాస్త్రవేత్తకు 1960ల తొలినాళ్ళలో తెలిసింది, ఆ తర్వాతే హవాయిలో ఫుజిమురా హేచరీ పద్ధతి రూపుదిద్దాడు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మెరక వాననీటిని కొల్లేటికి చేరుస్తాయి. అక్కడి నుంచి ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు పారి సముద్రంలో కలుస్తుంది. తల్లి రొయ్య ఉప్పునీటి దాకా దిగడానికీ పిల్ల ఎదురీది రావడానికీ ఇలాంటి ఏటిదారులు తెరిచి ఉండాలి. ఆనకట్టలూ తూములూ వాటిని చాలాచోట్ల మూసేశాయి.

వరండాలో గాజుతొట్టె ఉంది. మనవడు బెజవాడ అక్వేరియం దుకాణంలో కొన్న క్రేఫిష్‌లు రెండు అందులో తిరుగుతున్నాయి. చూడ్డానికి మన రొయ్యకు గట్టి పెంకు తొడిగినట్టున్నాయి. భారతదేశంలో పుట్టిన క్రేఫిష్ జాతి ఒక్కటీ లేదు. మన రొయ్యలా దీనికి సముద్రం అక్కర్లేదు, గుడ్డు పగిలితే తల్లి రూపంలోనే పిల్ల వస్తుంది, మంచినీళ్ళలోనే పెరుగుతుంది. జర్మనీ అక్వేరియంలలో 1990లలో కనబడ్డ చారల క్రేఫిష్ మగతోడు లేకుండానే పిల్లల్ని పెడుతుంది. అది మడగాస్కర్ వరి మడులకెక్కింది. స్పెయిన్‌లో 1970లలో తెచ్చి వదిలిన ఎర్ర క్రేఫిష్‌దీ అదే కథ. విసుగొస్తే చెరువులో వదిలేస్తానన్న ఆ అబ్బాయికి ఇదంతా చెప్పాను. వదలనని మాటిచ్చాడు.

పిన్నిగారు రొయ్యల్లో మామిడి ఒరుగులు వేసి పులుసు పెట్టింది. రొయ్య దొరికే నెలలో పచ్చి మామిడికాయ ఉండదు, అందుకని వేసవిలో ఎండబెట్టిన ఒరుగులు. మిగిలిన చిన్నవాటిని ఉడకబెట్టి ఎండేస్తుంది, చైత్రంలో లేత మామిడికాయతో వండడానికి.

ఇక మిగిలిన కష్టమల్లా సీడ్‌దే. వెన్నామి రొయ్య వచ్చాక, అంటే 2009 తర్వాత, నీలకంఠను పెంచేవాళ్ళు తగ్గారు. అంతకుముందే తెల్లతోక జబ్బు హేచరీలను దెబ్బతీసింది. భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సిఫా త్వరగా ఎదిగే రకాన్ని ఎంపిక చేసి వృద్ధి చేసింది. దానికి విజయవాడ దగ్గరే ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. అయినా ఎనిమిది వందల పిల్ల కావాలంటే ఈయన ఎవరినో బతిమాలి, పెద్ద చెరువులవాళ్ళ లోడులో వాటా తెచ్చుకోవాలి. ఆషాఢానికల్లా వేలెడు సైజు పిల్లను వందల లెక్కన మెరక మండలాల్లో అమ్మే నర్సరీ ఒకటి మత్స్యశాఖ పెట్టాలి. ఆయన కుంట పక్కనే మరో రెండు తోటలవాళ్ళు వచ్చే ఏడాదికి సిద్ధంగా ఉన్నారు.