తుపాకీ వెనక్కి తన్నితే

వేట రైఫిల్ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బకి రెండు లెక్కలున్నాయి. మొదటిది భౌతికశాస్త్రం లెక్క. తూటా బరువు, దాని వేగం, మందు బరువు, తుపాకీ బరువు తెలిస్తే చాలు, కాల్చేది ఎవరైనా జవాబు మారదు. అమెరికాలో జింకల వేటకి ఎక్కువగా వాడే థర్టీ ఆట్ సిక్స్‌కి అది సుమారు 20 ఫుట్-పౌండ్లు. టూ ఫార్టీ త్రీకి దాదాపు అందులో సగం. రెండోది భుజానికి తెలిసే లెక్క. దాన్ని 'ఫెల్ట్ రీకాయిల్' అంటారు, అంటే అనుభవంలోకి వచ్చిన తాకిడి. అనుభవాన్ని జ్ఞానంగా ఒప్పుకోవాలా వద్దా అని సెమినార్లలో గంటలకొద్దీ వాదించిన నాకు, తుపాకుల వాళ్ళు దానికో పేరు పెట్టి పక్కన కూర్చోబెట్టడం ఆశ్చర్యం కలిగించింది.

వేట కథల్లో స్త్రీల గురించి పనిచేస్తూ విస్కాన్సిన్‌లో ఉన్నప్పుడు రైఫిల్ కాల్చడం నేర్చుకున్నాను. (మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట దాదాపు పుస్తకాల్లోనే మిగిలింది.) మొదట నేర్పినాయన, జబ్బ కమిలిపోయిందంటే, "ఓర్చుకో, అలవాటవుతుంది" అన్నాడు. భూదేవంత ఓర్పు ఉండాలని చిన్నప్పటి నుంచీ విన్నదే, ఇంగ్లీషులో మళ్ళీ విన్నాను.

రెండో గురువు మా పక్కింటి పెద్దావిడ. ఆవిడ ముందు నా మోచెయ్యి మడిచి తుపాకీతో కొలిచింది. బట్ చివరి నుంచి ట్రిగ్గర్ దాకా మామూలు రైఫిల్‌కి పదమూడున్నర అంగుళాల పైమాటే. నాలాంటి పొట్టి చేతులకి అది పొడవు. మెడ చాచాలి, ఒళ్ళు వెనక్కి వాలుతుంది, బట్ కాలర్ బోన్ కింది మెత్తటి గుంటలో కాక జబ్బ ఎముక మీదికి జారుతుంది. ఇక ఆ 20 ఫుట్-పౌండ్లూ ఎముకకే. ఆవిడ రైఫిల్ బట్‌ని పెళ్ళికి ముందే వాళ్ళ నాన్న అంగుళం కోసి ఇచ్చాడట. దానికి రబ్బరు ప్యాడ్ ఉంది, బరువూ ఎక్కువే. తూటా అదే అయితే తుపాకీ ఎంత బరువుంటే తన్ను అంత తగ్గుతుంది. ముందుకి కాస్త వంగి, బట్‌ని గట్టిగా అదిమి పట్టి నిలబడి కాల్చమంది. బల్ల ముందు కూర్చుంటే ఒంటికి ఊగే వీలుండదు, దెబ్బంతా అక్కడే దిగుతుంది. గొట్టం చివర బిగించే మజిల్ బ్రేక్ తన్నుని బాగా తగ్గిస్తుంది గానీ మోత పక్కవాళ్ళ చెవుల్లోకి తిప్పుతుంది కనుక ఆవిడకి గిట్టదు. 2016లో విస్కాన్సిన్ ప్రభుత్వం ఆడవాళ్ళని వేటకి ఆకర్షించవచ్చని నారింజతోపాటు గులాబీరంగు వేట దుస్తుల్నీ అనుమతించింది. నాకు పనికొచ్చింది గులాబీరంగు కాదు, ఆ కోసేసిన అంగుళం.

ఇదంతా సుకుమారం కోసం కాదు. దెబ్బకి భయపడ్డ శరీరం ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే ముడుచుకుంటుంది, గురి తప్పుతుంది. పొట్టలో తూటా తగిలిన జింక వెంటనే చావదు, గంటల తరబడి అడవిలో పడి ఉంటుంది. ఆవిడ ఒకరోజు తూటాల మధ్య ఉత్తుత్తి తూటా కలిపి, "నాకసలు తన్నినట్టే ఉండదు" అన్న తన అల్లుడికిచ్చింది. తుపాకీ పేలలేదు, గొట్టం కొన మాత్రం నేలకి వంగింది. అతను నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. ఆ సాయంత్రం టూ ఫార్టీ త్రీ తీసి అతని ముందు పెట్టింది.

తర్వాత హెమింగ్వే 1936లో రాసిన ఫ్రాన్సిస్ మకోంబర్ కథ మళ్ళీ చదివాను. మార్గో కాల్చిన తూటా భర్తకి తగలడం హత్యా, ప్రమాదమా అన్నది పాత తగువు. ఈసారి నా చూపు తుపాకుల మీదికి పోయింది. వేట నడిపించే విల్సన్‌ది ఏనుగుల్ని కొట్టే .505 గిబ్స్. అలవాటైన స్ప్రింగ్‌ఫీల్డే వాడమని అతను ఫ్రాన్సిస్‌కి సలహా ఇస్తాడు. మిగిలిన 6.5 మాన్‌లికర్ కారులో ఆమె దగ్గర ఉండిపోతుంది. అది మెల్లగా తన్నే రకమే, దెబ్బకి బెదిరిందని ఆమెని వెనకేసుకు రాలేను. కానీ ఆ బట్ ఎవరి చేతికి కొలిచింది? అలవాటు సంగతి మగవాడికి గుర్తుచేసిన ఆ వేటగాడు, కారులో కూర్చున్న మనిషి దాన్ని అంతకు ముందు ఒక్కసారైనా భుజానికి ఆనించిందో లేదో అడగడు.