ఒక చోట గుర్తు, ఒక్క గెంతు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కి నాగోలు వైపు వెళ్తే నాలుగో స్టేషనే అమీర్‌పేట. కొండ మీద సినిమావాళ్లు, కొండ కింద కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు. వీళ్లకీ వాళ్లకీ ఏం సంబంధం అంటారా? ఉందండీ, దగ్గరి చుట్టరికమే ఉంది. సి భాషలో సెట్‌జంప్, లాంగ్‌జంప్ అని ఒక జంట ఉంది చూశారూ, ఆ చుట్టరికం వాటి తరఫునే. అబ్బా, ముఖం అలా పెట్టకండి! కాఫీ చల్లారేలోపు చెప్పేస్తాను.

సి రానివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలుస్తుంది, అది మరోదాన్ని పిలుస్తుంది. పనయ్యాక ఎవరు పిలిచారో వాళ్ల దగ్గరికే తిరిగి రావాలి. ఒక వాక్యం నుంచి ఇంకో వాక్యానికి గెంతించే గోటు ఉందిగా అంటారేమో. అది తన ఫంక్షన్ గడప దాటదు. మరి పది ఫంక్షన్ల లోతున ఏదో బెడిసికొట్టిందనుకోండి. ఆ కబురు ఒక్కో ఫంక్షనూ పైదానికి మోసుకెళ్లాలి. మధ్యలో ఒక్కటి నోరు మెదపకపోయినా అంతే, పైన ఉన్నదానికి ఏమీ తెలీదు.

అందుకే ఈ జంట. 1979లో వచ్చిన ఏడో ఎడిషన్ యూనిక్స్‌లోనే ఉంది. 1989లో సి ప్రమాణంలోకీ ఎక్కింది. పైన ఒకచోట సెట్‌జంప్ పిలిచి గుర్తు పెట్టుకుంటారు. ఈ పిలుపుల లెక్క ఉండే స్టాక్ ఎక్కడుంది, ఏ వాక్యం దగ్గర ఉన్నాం, ప్రాసెసర్‌లోని కొన్ని రిజిస్టర్లలో ఏముంది, ఇవన్నీ జంప్‌బఫ్ అనే పెట్టెలో పడతాయి. తర్వాత ఎంత లోతుకి పోయినా సరే, లాంగ్‌జంప్ అన్నారంటే ఒక్క గెంతులో ఆ గుర్తు దగ్గరే తేలుతారు. మధ్యలో ఉన్న ఫంక్షన్లన్నీ మాటా పలుకూ లేకుండా మాయం!

అసలు ముచ్చట ఇంకా చెప్పలేదు. సెట్‌జంప్‌ని పిలిచేది ఒక్కసారి, అది తిరిగొచ్చేది రెండుసార్లు. మొదటిసారి సున్నా పట్టుకొస్తుంది. గెంతు తర్వాత మళ్లీ అదే వాక్యం దగ్గర తేలి, మీరు లాంగ్‌జంప్ చేతికిచ్చిన అంకె తెస్తుంది. సున్నా ఇచ్చి దాన్ని బోల్తా కొట్టిద్దామనుకుంటున్నారా? అది ముందే కాచుకుని ఉంటుంది, సున్నాని ఒకటి చేసి తెస్తుంది. ఇంత ముద్దొచ్చే ఫంక్షన్‌ని పాఠం చివర్లో రెండు లైన్లలో సరిపెడతారేమిటండీ, అన్యాయం కాదూ?

1991లో సింగీతం శ్రీనివాసరావు గారు ‘ఆదిత్య 369’లో బాలకృష్ణని టైమ్ మెషీన్ ఎక్కించి కృష్ణదేవరాయల కాలానికి పంపారు, ఆ తర్వాత 2504కీ పంపారు. లాంగ్‌జంప్‌నీ అలాంటి యంత్రమే అనుకుంటే దెబ్బ తింటారు. రాయల కాలానికి పోతే అక్కడ రాయలుంటారు, కొలువుంటుంది. లాంగ్‌జంప్‌తో వెనక్కి వస్తే చోటు పాతదే, కాలం మాత్రం ఇప్పటిదే. మధ్యలో తెరిచిన ఫైలు తెరిచే ఉంటుంది. మాలక్‌తో తీసుకున్న మెమరీ అలాగే పడి ఉంటుంది. ఇక 2504 ఊసే ఎత్తకండి, ఇందులో ముందుకి పోవడం లేదు. గుర్తు పెట్టిన ఫంక్షన్ ఇంకా పూర్తవకుండా ఉంటేనే దాంట్లోకి గెంతాలి. అది ముగిసిపోయాక గెంతితే ఏం జరుగుతుందో ఎవరూ పూచీ పడరు.

మరో తమాషా ఉంది. గుర్తు పెట్టాక అదే ఫంక్షన్‌లోని వేరియబుల్ ఒకటి మార్చారనుకోండి. గెంతి వచ్చాక దాని విలువ పాతదా, కొత్తదా? కంపైలర్ దాన్ని మెమరీలో ఉంచితే కొత్తది. రిజిస్టర్‌లో దాచి ఉంటే పెట్టెలోంచి పాతదే లేచి రావచ్చు. ఈ గొడవ వద్దనుకుంటే ఆ వేరియబుల్‌కి వొలటైల్ అని రాసుకోవాలి.

సరే, కొండ మీదికి పోదాం. ఫిల్మ్‌నగర్‌లో రోజంతా తిరిగేవేమిటి? స్టిల్స్! ఎక్కువగా జేపెగ్ ఫైళ్లే. వాటిని తెరిచే లిబ్‌జేపెగ్ 1991 నుంచి ఉంది. దాని స్వభావం కాస్త మొరటు. సరిదిద్దలేని తప్పు తగిలితే, ఊరికే వదిలేస్తే, మొత్తం ప్రోగ్రామునే ఆపేస్తుంది. సగమే దిగిన స్టిల్‌కి మాత్రం హెచ్చరించి ఊరుకుంటుంది. అందుకే హీరో గారి ముఖం దాకా వచ్చి కింద అంతా బూడిదరంగు. జేపెగ్ కానిదాన్ని ఆ పేరుతో ఇచ్చారా, ఇక తాళలేదు. కాబట్టి గింప్ లాంటి బొమ్మలు దిద్దే ప్రోగ్రాములు ముందే సెట్‌జంప్‌తో గుర్తు పెట్టుకుంటాయి. తప్పు తగలగానే గెంతి బయటపడి, ఫైలు తెరవలేమని మర్యాదగా చెబుతాయి.

పోస్టర్ అక్షరాలున్నాయే, నాకు అవంటే ఇంకా ఇష్టం. కాలిఫోర్నియాలో ఉన్న మన సిలికాన్ ఆంధ్రవాళ్లు తెలుగు ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు కదా. పెద్దన, తిమ్మన, ధూర్జటిల పక్కనే రామారావు గారి పేరుతో ‘ఎన్టీఆర్’ కూడా ఉంది. శీర్షికలకీ పోస్టర్లకీ అనే చేశారు. లైనక్స్ తెర మీద అలాంటి అక్షరాన్ని పట్టీలు పట్టీలుగా గీసిపెట్టేది ఫ్రీటైప్. అక్షరం అంచు ఏ పిక్సెల్‌ని ఎంత తాకిందో లెక్క రాసుకోవడానికి దాని దగ్గర ఉండేది మామూలుగా 16 కిలోబైట్ల చోటు. మన అక్షరాలకేమో ఒళ్లంతా వంపులే. సైజు పెంచితే ఆ చోటు చాలకపోవచ్చు. అప్పుడు వంపు తిప్పే ఫంక్షన్ లోపల, గీత గీసే ఫంక్షన్ లోపల, అట్టడుగున చోటు అయిపోయిందని తెలుస్తుంది. వెంటనే లాంగ్‌జంప్! పైకొచ్చి పట్టీని రెండుగా చీల్చి, మొదటి సగం మళ్లీ గీస్తుంది. అదీ పట్టకపోతే ఇంకా సగం.

ఆ 16 కిలోబైట్లూ మాలక్‌తో తెచ్చినవి కాదండోయ్, పైనున్న ఫంక్షన్ స్టాక్ మీదే ఉంటాయి. గెంతినా పోయేదేమీ లేదు, మళ్లీ అదే చోటు వాడుకుంటుంది. ఇంత శుభ్రమైన గెంతు చూస్తే కడుపు నిండిపోతుంది నాకు. ఎఫ్‌టీగ్రేస్ అనే ఫైల్లో ఉంది, తీరిగ్గా తెరిచి చూడండి. ఇక చీల్చడానికి వీల్లేనంత సన్నటి పట్టీ కూడా చాలకపోతే ఏం చేస్తుందో తెలుసా? అది కుళ్లిన అక్షరమని తిట్టి వదిలేస్తుంది! ఇలా ఎన్నడూ జరగకూడదని పక్కనే వ్యాఖ్య కూడా రాసి పెట్టారు.