తాలూకు

మే 18
ఇనప్పెట్టె అడుగున తాతయ్య దస్తావేజు దొరికింది. 1958 నాటిది. మడతల దగ్గర కాగితం చిరుగు పట్టింది. మొదటి పంక్తిలోనే ఉంది: గుంటూరు జిల్లా ఒంగోలు తాలూకా. దాని కిందే నాన్న పేరు మీది కాగితం, 1974 నాటిది. అందులో ప్రకాశం జిల్లా ఒంగోలు తాలూకా. అదే పొలం, అవే హద్దులు. జిల్లా పేరు మారింది, తాలూకా మారలేదు.

మే 19
1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకాను నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు. 1970లో ఒంగోలు జిల్లా పుట్టింది. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. అంటే మా ముత్తాత నెల్లూరు జిల్లాలో పుట్టాడు, తాతయ్య గుంటూరు జిల్లాలో బతికాడు, నాన్న ప్రకాశం జిల్లాలో సేద్యం చేశాడు. ముగ్గురిదీ ఒకటే ఇల్లు.

మే 22
తాలూకా అరబ్బీ నుంచి పారశీక దఫ్తరాల మీదుగా మనకు చేరిన మాట. మూలం 'తఅల్లుక్': సంబంధం, అంటిపెట్టుకుని ఉండడం. ఇలాకా కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. జిల్లాకు మూలార్థం పక్కటెముక, పక్క. తహసీలు అంటే వసూలు. జిల్లా, తహసీలులకు లేని చుట్టరికం తాలూకాలో ధ్వనిస్తుంది. అందుకే కాబోలు అది కచేరీ గుమ్మం దాటి మన నోళ్లలోకి వచ్చేసింది. ఫలానా వాళ్ల తాలూకు మనిషి అంటాం. నాన్న తాలూకు జ్ఞాపకం అంటాం.

మే 25
1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాలనూ ఫిర్కాలనూ తీసేసి మండలాలు పెట్టింది. మంచి పనే. తాలూకాఫీసులో పని పడితే తెల్లవారుజామున బండి కట్టుకుని, సద్ది మూట పెట్టుకుని బయలుదేరేవాళ్లమని నాయనమ్మ చెప్పేది. మండలంతో ఆఫీసు ఊరి దగ్గరికి వచ్చింది. మండలం మాట మాత్రం కొత్తది కాదు. చోళుల కాలంలో తొండైమండలమంటే ఒక దేశమంత. ఇప్పుడు గుప్పెడు ఊళ్లు. మాటలూ చెరువుల్లాగే, ఓ కాలంలో నిండుతాయి, ఓ కాలంలో తీస్తాయి.

మే 29
కరీంనగర్ మిత్రుడితో ఫోన్లో చాలాసేపు ఇదే మాట. వాళ్ల తాత కలెక్టరును 'అవ్వల్ తాలూక్‌దార్' అనేవాడట. 1865లో మొదటి సాలార్‌జంగ్ నిజాం రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టినప్పటి నుంచీ నిజాం రోజుల్లో జిల్లా అధికారికి ఆ హోదా ఉండేది. అదే అవధ్‌లో తాలూక్‌దారంటే పెద్ద భూస్వామి. మాకేమో తాలూకా అంటే నేల. అధికారి, భూస్వామి, నేల: ఒక్క మాట మూడింటినీ మోసింది.

జూన్ 2
ఒంగోలులో తాలూకా పోలీస్ స్టేషన్ బోర్డు ముందు కాసేపు నిలబడ్డాను. తాలూకా పోయి ఇన్నేళ్లయినా స్టేషన్‌కు ఆ పేరు మిగిలింది. బళ్లారి వైపు మన చుట్టాలకు ఇప్పటికీ అదే లెక్క. కన్నడంలో దాన్ని తాలూకు అనే అంటారు.

జూన్ 7
పెళ్లికి వెళ్లాను. పందిట్లో ఒక పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆపింది.
"ఎవరి తాలూకు అబ్బాయా నువ్వు?"
"పెళ్లికూతురి తాలూకు, పెద్దమ్మా."
"అట్టా కాదు, ఎవరి మనవడివి?"
తాతయ్య పేరు చెప్పాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది. పక్క కుర్చీలో ఉన్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని, కూర్చోమంది.