తొమ్మిది గళ్ళు, పది ముక్కలు

పేకముక్క అన్న మాటకు మా తరంలో మంచిపేరు లేదు. మా నాన్నగారి ఇంట పులిజూదానికీ అష్టాచెమ్మాకూ అడ్డు లేదు గాని, పేక మాత్రం గడప దాటి లోపలికి రాలేదు. ముప్పైయేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విరమించిన నేను 2024 వేసవిలో నేలమీద చతికిలబడి ముక్కలు కత్తిరించానంటే నన్నెరిగినవారు నమ్మరు. నమ్మకపోయినా ఫరవాలేదు, చదవండి.

ఆ ఆటకు మూలం జపాను. స్క్వేర్ అనే సంస్థ 1999లో ‘ఫైనల్ ఫాంటసీ 8’ అనే వీడియో ఆటను విడుదల చేసింది. ఆడేవాడు అందులో ఒక పాత్రను ధరించి, ఊళ్ళు తిరుగుతూ, యుద్ధాలు చేస్తూ ఒక పెద్ద కథను నడుపుకుంటూ పోవాలి. మన పురాణాల్లో కథ నడుమ ఉపాఖ్యానం వచ్చినట్లు, ఆ కథ నడుమ ఒక చిన్న పేకాట ఉంది. దాని పేరు ‘ట్రిపుల్ ట్రయాడ్’. దారిలో ఎదురైనవాళ్ళలో చాలామంది దగ్గర ముక్కలుంటాయి. పలకరిస్తే ఆటకు దిగుతారు. మా అబ్బాయి ఇంజనీరింగు చదివే రోజుల్లో అసలు కథను పక్కన పెట్టి రాత్రుళ్ళు ఈ పేకే ఆడేవాడట. 2019లో ఆ ఆటకు మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేశారు. తరువాత అది సెల్‌ఫోనులోకీ వచ్చింది. అలా మా మనవడికి అబ్బింది.

పుణేలో చదువుకునే ఆ పదేళ్ళవాణ్ణి మా అబ్బాయి సెలవులకు తెనాలిలో మా దగ్గర దింపి, తన ఫోను తాను పట్టుకుపోయాడు. రెండో రోజుకే పిల్లవాడికి ఏమీ తోచలేదు. నా ఫోను మాట్లాడటానికి తప్ప మరెందుకూ పనికిరాదు. “ఆట ఎలాగో చెప్పరా, మనమే చేసుకుందాం” అన్నాను.

తీరా చూస్తే వాడికి ఆడటం వచ్చుగాని చెప్పటం రాదు. “ముక్క పెడితే పక్క ముక్క దానంతట అదే రంగు మారుతుంది తాతయ్యా” అంటాడు. ఎందుకు మారిందిరా అంటే “అంతే” అంటాడు. లెక్క యంత్రం చూసుకుంటున్నప్పుడు ఆడేవాడికి లెక్కతో పనేముంది? భాష మాట్లాడేవాడు వ్యాకరణాన్ని తలచుకోడు కదా! బాలవ్యాకరణం వల్లెవేసిన ప్రాణం గనుక, వాడి చేత ప్రయోగాలు చెప్పించి వాటినుంచి నేను సూత్రాలు రాసుకున్నాను.

అడ్డంగా మూడు, నిలువుగా మూడు, వెరసి తొమ్మిది గళ్ళు. ఒక్కొక్కరికి ఐదేసి ముక్కలు. ప్రతి ముక్కకూ నాలుగు వైపులా నాలుగు అంకెలు, ఒకటి మొదలు పది దాకా. నా ముక్కను నీ ముక్క పక్కన పెట్టినప్పుడు, తాకుతున్న అంచుల్లో నా అంకె పెద్దదైతే నీ ముక్క నా రంగుకు తిరుగుతుంది. తొమ్మిది గళ్ళూ నిండాక ఎవరి రంగు ముక్కలు ఎక్కువో వారిది గెలుపు. రెండోవాడి చేతిలో మిగిలిన పదో ముక్కా వాడి లెక్కలోకే వస్తుంది. ఇంతవరకు తేలికే.

ఆపైన విశేష సూత్రాలున్నాయి. వాటిలో ‘ప్లస్’ అనేదాన్ని తేల్చుకోవటానికి రెండు రోజులు పట్టింది. “ఒక్కోసారి చిన్న అంకె కూడా పెద్దదాన్ని పట్టేస్తుంది” అని వాడు పట్టుబడితే, ఇదేమి న్యాయమని నేను. చివరకు మా అబ్బాయి ఫోనులో విడమరిచాడు. నా ముక్క ఎడమ అంచు 2, అది తాకే అంచు 7. నా ముక్క పై అంచు 4, అది తాకే అంచు 5. రెండుచోట్లా నావే చిన్నవి. అయినా రెండుచోట్లా మొత్తం తొమ్మిదే గనుక రెండు ముక్కలూ నావైపు తిరుగుతాయి. బలంలేనివాడికి అమరిక తెలిస్తే చాలునన్నమాట. ఈ సూత్రం కట్టినవాడెవరో గాని మంచి రసజ్ఞుడు.

మూలంలో ముక్కలు పది అంతస్తులు, అంతస్తుకు పదకొండు చొప్పున 110. నేను నలభైతో సరిపెట్టాను. అటకమీది పాత శుభలేఖలు దించి, ఒక్క కొలతకు కత్తిరించి, రెండువైపులా తెల్లకాగితం మైదా జిగురుతో అంటించాను. ఒక వైపు నీలం, మరొక వైపు గులాబి, రెండు వైపులా అవే అంకెలు. ముక్క గెలిచినప్పుడు పుస్తకంలో పుట తిప్పినట్లు తిప్పాలి. పెనంమీద అట్టులా తిరగేస్తే అంకెలు తలకిందులవుతాయి. రెండు వైపులా అంకెలుండటంతో చేతిలో దాచుకునే వీలు లేకపోయింది. మూలంలో ‘ఓపెన్’ అనే నియమం ఒకటుంది, ఇద్దరి ముక్కలూ ఇద్దరికీ కనబడేలా ఆడటం. మాకు అదే శరణ్యమైంది.

అంకెలు మాత్రం నా ఇష్టప్రకారం తెలుగులో వేశాను, ౧ మొదలు ౯ వరకు. పదికి ‘ద’. వాళ్ళ రాక్షసుల బదులు శరభం, గండభేరుండం, మకరం, యాళి వచ్చి కూర్చున్నాయి. మొదటి రోజు ౨ను ౩గా చదివి రెండు ముక్కలు పోగొట్టుకున్న మనవడు, మూడో రోజు నుంచి నాకంటె వేగంగా చదివాడు. పాఠమని చెప్పి ఉంటే ఆ అంకెల వంక కన్నెత్తి చూసేవాడు కాదు.

ముక్కలన్నిటిలోనూ ఒక ధర్మం మూలంనుంచి తప్పకుండా పాటించాను. ఏ ముక్కా నాలుగువైపులా బలమైనది కాకూడదు. ఆ కథానాయకుడు స్క్వాల్ ముక్కకే ఒకవైపు పది ఉంటే మరొకవైపు నాలుగు. మా శరభానికి పైన ద, ఎడమ ౯, కింద ౬, కుడివైపు మాత్రం ౨. మనవడికి అదంటే ప్రాణం.

ఆ జపాను ఆటలో ఇంకొక చమత్కారం, ఒక ప్రాంతంలో ఆడి మరొక ప్రాంతానికి పోతే ఆ నియమాలు మన వెంట పాకుతాయి. ఇది నాకు వింతగా తోచలేదు. మా ఊరి అష్టాచెమ్మా, మా ఆవిడ పుట్టింటి అష్టాచెమ్మా ఒకటి కావు. నలభైయేళ్ళు దాటినా ఆ తగవు తెగలేదు. మా గచ్చుమీదికీ అలాగే ఒక నియమం వచ్చింది. పక్కింటి అబ్బాయి ఆటకు వచ్చి, “ముట్టుకున్న ముక్క ఆడాల్సిందే” అన్నాడు. మనవడు సరేనన్నాడు.

గెలిచినవాడు ఓడినవాడి ఐదు ముక్కల్లో ఒకటి ఎంచుకుని ఉంచేసుకోవచ్చు. ఇది మూలంలోనిదే. నాలుగోనాటి ఆటలో మనవడు శరభాన్ని ముట్టుకుని, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నియమం నియమమే. పెట్టాడు. కుడివైపున్న ౨ పక్కన యాళి వచ్చి కూర్చుంది. ఆరుకు నాలుగుతో ఓడాడు. పక్కింటివాడు క్షణం ఆలోచించకుండా శరభాన్ని ఎంచుకుని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఫోనులోనైతే ఓడగానే ఆట ఆపి, ముందు దాచుకున్న చోటినుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఇక్కడ ఆ వసతి లేదు. ఏడుపు దిగమింగుకుంటూ, “ఇంకో శరభం గీసి ఇవ్వు తాతయ్యా” అన్నాడు. కత్తెర ఉంది, శుభలేఖలున్నాయి, అరగంట పని. మా ఆవిడ కూడా, “ఏమండీ, ఒక్క ముక్క! ఏడాదికొకసారి వచ్చే పిల్లవాడు!” అంది. గీయలేదు. రెండో శరభం పుడితే పక్కింటివాడు గెలిచింది ఏమిటి? తాతగారుంటే ఓటమి లేదని తెలిసిన పిల్లవాడితో వాడు మళ్ళీ ఎందుకు ఆడతాడు?

ఆ రాత్రి డాబామీద వాడికి నలుడి కథ చెప్పాను. జూదంలో పుష్కరుడికి రాజ్యమంతా ఓడి, ఋతుపర్ణుడివద్ద అక్షహృదయం నేర్చుకుని, తిరిగి ఆడి గెలిచి, ఓడిన పుష్కరుణ్ణి మన్నించి అతని భాగం అతనికి ఇచ్చి పంపిన కథ. వాడు అంతా విని, “అయితే వాడు నా శరభం తిరిగి ఇచ్చేస్తాడా?” అన్నాడు. “ముందు నువ్వు గెలవాలి కదరా” అన్నాను. “గెలిచింది వాడేగా తాతయ్యా, ఇవ్వాల్సింది కూడా వాడేగా!” అన్నాడు. ఇన్నేళ్ళు ఆ కథ పాఠం చెప్పాను. ఏ విద్యార్థీ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. జవాబు తోచక, పడుకోమన్నాను.

పక్కింటివాడు ఇవ్వలేదు. పైగా శరభాన్ని మళ్ళీ ఆటకు తేనేలేదు. ఆటలోకి రాని ముక్కను గెలుచుకునే సూత్రం ఏదీ లేదు. మనవడు వాడి దగ్గర మకరాన్నీ గండభేరుండాన్నీ గెలిచాడు. తన ముక్కల బలహీనమైన అంచులను గోడవైపుకు తిప్పి పెట్టటం నేర్చాడు. ముట్టుకునే ముందు రెండు చేతులూ వెనక కట్టుకుని ఆలోచించటం అలవాటు చేసుకున్నాడు. ప్రయాణం రోజున తన ముక్కలు లెక్కపెట్టుకుని సంచిలో పెట్టుకున్నాడు, శరభం లేకుండానే.

ఇప్పుడు ఫోను చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న, “వాడి దగ్గర శరభం ఉందా?” అని. ఉంది. కంపాసుపెట్టెలో, మూతకు అంటించుకున్నాడు. మా ఆవిడ మాత్రం ఇప్పటికీ నాతో ఏకీభవించలేదు. నా అటకమీద శుభలేఖలు ఇంకా బోలెడున్నాయి.