కుక్కల బళ్ళు

ఏటా మార్చి మొదటి శనివారం అలాస్కాలోని యాంకరేజ్‌లో ఇడిటరాడ్ పందెం సంబరంగా మొదలవుతుంది. నడివీధిలో లారీలతో మంచు తెచ్చి పరుస్తారు. పిల్లలిద్దర్నీ తీసుకుని వెళ్ళాం. కుక్కల కాళ్ళకి మేజోళ్ళు చూసి చిన్నది ఒకటే నవ్వు. అప్పటిదాకా అరిచి గోల చేసినవి, మంచుబండి కదలగానే నోరు మూసుకుని పరుగు!

"ఎక్కడిదాకా వెళ్తాయమ్మా?" అన్నాడు పెద్దాడు.

నోమ్ దాకా. దాదాపు వెయ్యి మైళ్ళు. 1925లో ఆ ఊళ్ళో కంఠసర్పి సోకితే, 20 మంది బళ్ళవాళ్ళు ఒకరినుంచి ఒకరు అందుకుంటూ అయిదున్నర రోజుల్లో మందు చేర్చారని చెప్పాను.

"కంఠసర్పి అంటే?"

మా అమ్మమ్మ తొలిచూలు బిడ్డని పోగొట్టుకుంది దానితోనే. టీకాలు పడ్డ నా పిల్లలకి ఆ మాటే తెలియదు. తెలియకపోవడమే హాయి.