అయ్య సంచిలో ఆరె

1994లో నాకు చీరాల పడింది. చేనేత సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసే కొలువు. నెలలో సగం రోజులు వేటపాలెం, పేరాల, ఈపూరుపాలెం అంటూ తిరుగుడే. తిరిగొచ్చి నడుం వాల్చడానికి ఒక గది కావాలి.

మాది జగ్గయ్యపేట దగ్గర వేదాద్రి. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు గానీ మా నోటికి ఇంకా కృష్ణా జిల్లా మెట్టే. ఏటి ఒడ్డున యోగానంద నరసింహస్వామి గుడి. పండగొస్తే మా అమ్మ మమ్మల్ని మెట్ల రేవుకి కాకుండా బాగా దిగువకి తీసుకుపోయి ముంచేది. దిగువంటే వాళ్ళ నీళ్ళు మాకొస్తాయి, మా నీళ్ళు వాళ్ళకి పోవు. ఎందుకని మేం అడగలా, ఆమె చెప్పలా.

చిల్లకల్లులో బస్సెక్కి బెజవాడ, అక్కడ్నుంచి పాసింజరు. తెనాలి దాటాక చుండూరు స్టేషను. 1991 ఆగస్టు 6న మనోళ్ళని ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేసిన ఊరు. అప్పటికింకా మూడేళ్ళే. (ఆ కేసులో పడ్డ శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది.) బండి ఆగింది, ఇద్దరు దిగారు, కదిలింది. ఎదురు సీటాయన నా మొహం చూస్తున్నాడనిపించి పేపరు అడ్డం పెట్టుకున్నా. చీరాల చేరకముందే దాక్కోవడం మొదలుపెట్టానన్నమాట.

మూడిళ్ళు చూశా. "ఎవుర్లబ్బాయ్ మీరు?" అని సూటిగా అడిగినోళ్ళే నయం. కొందరు ఇంటిపేరు అడుగుతారు, కొందరు మీ ఊళ్ళో ఫలానావాళ్ళు తెలుసా అంటారు. జవాబు విన్నాక గదికి సున్నం వేయించాల్సి వస్తుంది. నాలుగో ఇంటామె ఇంటిపేరు అడిగింది. నా ఇంటిపేరు మా వైపు రెండు మూడు కులాల్లో ఉంది. ఆమె తనకి నచ్చిన కులం నాకు తగిలించుకుని, "అయితే మనోళ్ళే" అంది. నేను తలూపా. ఊపలేదని చానా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నా గానీ, ఊపా.

అదే చీరాలలో విజయనగర్ కాలనీ ఉంది. కారంచేడు నుంచి వచ్చిన మాదిగలది. 1985 జులైలో, తాగే చెరువు నీళ్ళు మురికి చేయొద్దన్నందుకు, మీదికొచ్చినవాళ్ళకి మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు, మర్నాడు 17న ఊరి భూస్వాములు పల్లె మీద పడ్డారు. ఆరుగుర్ని నరికారు. ఆడవాళ్ళని చెరిచారు. మిగిలినోళ్ళు చీరాల వచ్చి శిబిరంలో ఉన్నారు, మళ్ళీ ఆ ఊరికి పోమన్నారు. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి 2008 డిసెంబరు దాకా పట్టింది. శిబిరం నాటికి నేను డిగ్రీ చదువుతున్నా. జగ్గయ్యపేటలో రాత్రిపూట గోడల మీద మైదాపిండితో పోస్టర్లు అంటించినోణ్ణి. అలాంటోణ్ణి, ఉద్యోగమొచ్చి అదే ఊరికి వచ్చాక, మూడు నెలలు ఆ కాలనీ దారిన సైకిలు పోనివ్వలా.

సెప్టెంబరులో మా అయ్య వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. అందులో కారం పొట్లం, గోంగూర పచ్చడి, అడుగున ఆయన ఆరె, రంపె, మైనం రాసిన దారం. ఎక్కడికి పోయినా అవి వదలడు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇంటామె చెప్పు పట్టీ తెగి వాకిట్లో నిలబడింది. "ఇటియ్యండమ్మా" అన్నాడు అయ్య. గొంతుక్కూచుని, చెప్పు కాలివేళ్ళ మధ్య బిగించి, నాలుగు కుట్లు వేసి ఇచ్చాడు. ఆమె తొడుక్కుని రెండడుగులు వేసి, "భలే కుట్టావు పెద్దాయనా" అంది. అని, ఆయన చేతులు చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది.

గదిలోకి పోయి తలుపేసి అయ్య మీద లేచా. "నిన్నెవరు కుట్టమన్నారు?"

"తెగింది గదరా" అన్నాడు.

ఆ రాత్రి నేను అన్నం తినలా. ఆయన తిన్నాడు.

మర్నాడు ఆదివారం, వాడరేవు తీసుకుపోయా. ఆయన సముద్రం చూడటం అదే. దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "ఎవురు ముట్టుకున్నా మైలపడదు. ఎవురూ తాగరుగా" అని నవ్వాడు. వచ్చేటప్పుడు కొమ్మమూరు కాలవ గురించి చెప్పా. మన ఊరి కింద నుంచి పోయే కృష్ణ నీళ్ళే బ్యారేజీ దగ్గర మళ్ళి ఈ కాలవలో ఇటు వస్తాయని. "మన రేవు నీళ్ళా?" అన్నాడు. ఎగువా దిగువా లెక్క ఆయన బుర్రలో తిరిగినట్టుంది, మళ్ళీ మాట్లాడలా.

ఇంటికొచ్చేసరికి ఆమె మరిదిగారబ్బాయికి గది కావాల్సి వచ్చింది. వారం గడువు. ప్రహరీ పక్కన చెత్తకుప్ప మీద ఆ చెప్పుల జత. అయ్య వంగి తీశాడు. పట్టీ రెండు వేళ్ళతో లాగి చూశాడు. "కుట్టు ఊడలేదే" అన్నాడు. సంచిలో వేసుకున్నాడు.

నాకు కోపం రావాల్సింది ఆమె మీద. వచ్చింది, కాకపోతే ముందు రోజు అయ్య మీద వచ్చినంత తొందరగా రాలా.

సోమవారం విజయనగర్ కాలనీకి పోయా. ఒక ముసలమ్మ వసారా పక్కన గది ఉందన్నారు. ఏవూరన్నది. వేదాద్రన్నా. అడక్కుండానే, "మాదిగోళ్ళం" అన్నా. మూడు నెలల తర్వాత ఆ మాట నా నోట్లోంచి అదే. ఆమె కొంచెం విసుక్కుంది. "అదెవురడిగారయ్యా, వంట నువ్వే చేసుకుంటావా, మమ్మల్ని చెయ్యమంటావా?"

అక్కడ నాలుగేళ్ళున్నా. బోరింగు నీళ్ళు ఉప్పన, మంచినీళ్ళకి బిందెలు వరసలో పెట్టేవాళ్ళం. ముసలమ్మ బిందె ముందుంటే ముందు, వెనకుంటే వెనక. కారంచేడు సంగతులు ఆమెని నేను అడగలేదు. ఒక్కోసారి బిందె నిండుతుంటే తనే మొదలుపెట్టేది, సగంలో ఆపేసేది.

సంక్రాంతికి అయ్య మళ్ళీ వచ్చాడు. సంచి గుమ్మం దగ్గర పెట్టి, వసారాలో చతికిలబడి, "ఎవురివన్నా తెగినయ్యేమో అడిగిరా" అన్నాడు. ఇల్లిల్లూ తిరిగి నేనే అడిగొచ్చా. ఏడు జతలొచ్చాయి.