తారూత్ సందుల్లో

ఈ శుక్రవారం పొద్దున్న సౌదీలో, మా ఖతీఫ్‌ను ఆనుకుని ఉన్న తారూత్ దీవిలో కోట పక్క సందుల్లో నడుస్తున్నా.
గుమ్మంలో కూర్చున్న పెద్దాయన సలాం చెప్పి, పిలిచి మరీ చేతిలో ఖర్జూరాలు పెట్టారు.

16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లున్న కోట అది. దాని కింది దిబ్బలో వేల ఏళ్ల నాటి ఊరి ఆనవాళ్లు! పక్కనే తోటలకు నీళ్లిచ్చిన ఊట, ఇప్పుడు ఎండిపోయింది. అక్కడ చాలాసేపు నిలబడిపోయా.

కంపెనీ బస్సు కిటికీలోంచి చూసినన్నాళ్లూ ఖతీఫ్ నాకు పనిచేసే చోటు, అంతే.
నడిస్తే తెలిసింది, ఇది ఎవరో తాతముత్తాతల నుంచి ప్రేమగా కాపాడుకుంటున్న సొంతూరు. మా కోనసీమ నాకెలాగో, ఇది వాళ్లకలాగ.

వచ్చే వారం చేపల మార్కెట్ వైపు వెళ్తా.
దమ్మామ్, జుబైల్‌లో ఉన్న మనవాళ్లెవరైనా తోడొస్తారా?
మీ ఊళ్లో మీరు నడిచి చూసినవి కూడా చెప్పండి.